శుద్ధి అంటే కడగడం కాదమ్మా

ఇంటి మందు: మీ ఉత్తరాలు, నా జవాబులు

(జవాబులు రాసేది కడపలో ఉంటున్న ఒక రిటైర్డ్ ఆయుర్వేద వైద్యుడు)

ఈసారి ఉత్తరాల కట్టలో మొదటిది చదివాక మిగతావి తెరవడానికి రెండు రోజులు పట్టింది. రాసినామె పేరు వేయొద్దన్నారు. ఉత్తరం కాస్త పెద్దదే అయినా కత్తిరించకుండా ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది జమ్మలమడుగు పక్కన పల్లె. మా మామకు అరవై రెండేండ్లు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక రెండేండ్లుగా బాధపడుతున్నాడు. నొప్పి బిళ్ళలు వేసుకుంటే కడుపులో మంట. ఆయన జేజినాయన ఊర్లో మందులిచ్చేవాడంట. ఆయన రాసిన కాయితాలు అటక మీద రేకు పెట్టెలో ఉంటే దించి చూసినాం. "కీళ్ళ వాతమునకు" అని ఒకటి దొరికింది. ఇంట్లో డిగ్రీ చదివింది నేనే కాబట్టి చదివి చెప్పింది నేనే, మందు చేసిందీ నేనే.

కాయితంలో ఇట్ల ఉంది: "శుద్ధి ముష్టి గింజలు, శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు. చూర్ణము. గు 1 తేనెతో, భోజనానంతరము." దాని జెరాక్సు ఇందులో పెట్టినాను. ముష్టి గింజలు మూలికల అంగట్లో పావు కిలో తెచ్చినాం. శుద్ధి అన్నాడు కదా అని మూడు నీళ్ళు పోసి రుద్ది రుద్ది కడిగినాను. మిద్దె మీద రెండు దినాలు ఎండబెట్టి, మూకుట్లో వేయించి మిక్సీకి వేసినాను. గట్టిగా ఉండి రెండు తూర్లు వేయాల్సి వచ్చింది. తక్కినవన్నీ కలిపి దాని ఎత్తు వేసినాను. గు అంటే గుక్కెడు అనుకున్నాం. పొడిని గుక్కెడు ఎట్ల తినేది, ఎక్కువవుతుందేమోనని చెంచాతో సరిపెట్టినాం.

మధ్యాహ్నం సంగటి తిన్నాక చెంచా పొడి తేనెలో కలిపి ఇచ్చినాను. "యమ చేదుగా ఉంది మ్మా" అన్నాడు. మందు చేదుగానే ఉంటుంది లే మామా అన్నాను. అర్ధగంట తర్వాత మెడ పట్టేసిందన్నాడు. కాసేపటికి దౌడలు బిగుసుకున్నాయి. వీపు విల్లు మాదిరి పైకి లేచింది. ఫిట్సని పక్కింటోళ్ళు వచ్చి తాళాల గుత్తి చేతిలో పెట్టి నొక్కినారు. మొహాన నీళ్ళు చల్లినారు. నీళ్ళు చల్లినప్పుడల్లా మళ్ళీ బిగుసుకున్నాడు. గాలి సోకిందని ఒకాయమ్మ వేపమండలు తెచ్చి కొట్టింది. 108లో ప్రొద్దుటూరుకు, అక్కడి నుంచి కడపకు తీసుకపోయినాం. అక్కడ తుప్పు మేకు ఏమన్నా గుచ్చుకుందా అని అడిగినారు. మందు సంగతి చెబితే పోలీసు కేసు అవుతుందని మా ఇంట్లో పెద్దోళ్ళు చెప్పనియ్యలేదు. రాత్రి నేను ఉండబట్టలేక నర్సమ్మను పక్కకు పిలిచి చెప్పినాను.

రెండు దినాలు వెంటిలేటర్ మీద ఉన్నాడు. నాలుగో దినం మాట్లాడినాడు. మాట్లాడిన మొదటి మాట: "నాకన్నీ వినపడతానే ఉన్నాయి మ్మా, నువ్వు ఏడ్చేది గూడా." ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనేది మా ఆడబిడ్డలు. నా ప్రశ్న ఏమంటే, మందని రాసిపెట్టింది విషం ఎట్ల అయింది? నేను చేసిన తప్పేంది? మిగిలిన పొడి ఇంట్లోనే ఉంది, ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ మామ బతికి బయటపడ్డారు. నర్సుతో మీరు చెప్పిన ఆ నాలుగు మాటలకు అందులో చాలా పెద్ద వాటా ఉంది. ముందు ఈ సంగతి మనసులో పెట్టుకుని తర్వాతది చదవండి.

మీరు పంపిన జెరాక్సును భూతద్దం పెట్టి చూశాను. చేతిరాత గుండ్రంగా, తీరుగా ఉంది. రాసినాయన పని తెలిసినవాడే. ఆ రాత ఆయన తన కోసం రాసుకున్నది, మీ కోసం కాదు. ఊరగాయ పెట్టే అవ్వ కాయితం మీద "ఉప్పు తగినంత" అని రాసుకున్నట్టు. ఎంత తగునో ఆమె చేతికి తెలుసు, కాయితానికి తెలియదు. మీ పెద్దాయన కాయితంలో అలాంటి మాటలు రెండున్నాయి.

మొదటిది "శుద్ధి". ఇంట్లో శుద్ధి అంటే శుభ్రం చేయడమే. పురిటి శుద్ధి, ఇల్లు శుద్ధి అన్నట్టుగానే మీరూ అర్థం చేసుకుని కడిగారు. అందులో మీ తెలివితక్కువేం లేదు. వైద్యంలో మాత్రం అది మురికి వదిలించడం కాదు, విషం తగ్గించడం. మేము నేర్చుకున్న పద్ధతిలో ముష్టి గింజలను ఏడు రోజులు గోమూత్రంలో నానబెడతారు, మూత్రం ప్రతిరోజూ మారుస్తారు. తర్వాత గుడ్డలో మూటగట్టి, ఆవుపాలున్న కుండలో వేలాడదీసి గంటల తరబడి ఉడికిస్తారు. పైతోలు ఒలిచి, గింజను చీల్చి లోపలి మొలకను తీసేసి, నేతిలో వేయిస్తారు. మధ్యలో చూసుకోవాల్సిన గుర్తులు కొన్నున్నాయి, అవి కావాలనే రాయడం లేదు. ఇది చదివి ఇంకొకరు కుండ పొయ్యి మీద పెడితే ఆ పాపం నాది.

ముష్టి గింజలో స్ట్రిక్నిన్, బ్రూసిన్ అని రెండు విషాలుంటాయి. రెండూ కలిపి గింజ బరువులో దాదాపు నూటికి రెండున్నర, మూడు పాళ్ళు. స్ట్రిక్నిన్‌ను ఫ్రాన్సులో 1818లోనే విడదీశారు. ఊర్లలో పిచ్చికుక్కలకు పెట్టిన కుచల మందు ఇదే గింజది. నానబెట్టి ఉడికించినప్పుడు ఈ విషం కొంత మూత్రంలోకి, పాలలోకి దిగిపోతుంది. వేడికి కొంత రూపం మారి తీవ్రత తగ్గుతుంది. గట్టిగా చెప్పాల్సింది, పూర్తిగా మాత్రం పోదు. అందుకే శుద్ధి చేసిన గింజను కూడా విషాల జాబితాలోనే ఉంచి కొలిచి కొలిచి ఇస్తారు. మూడు నీళ్ళతో కడిగితే పోయేది పైన ఉండే దుమ్ము, పట్టులాంటి నూగు. లోపలిది లోపలే ఉంటుంది. మూకుట్లో పైపైన వేయించినా ఆ విషానికి ఏమీ కాదు.

రెండో మాట "గు". అది గుక్కెడు కాదమ్మా, గురిగింజ. గురిగింజ ఎత్తు అన్నమాట. కంసాలి త్రాసులో పెట్టే ఎర్ర గింజే. పాత తులానికి 96 గురిగింజలు, తులమంటే 11.66 గ్రాములు. లెక్కేస్తే ఒక గురిగింజ 120 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ. శుద్ధి చేసిన ముష్టి పొడి మేమిచ్చేది 60 నుంచి 125 మిల్లీగ్రాముల లోపే. పెద్దాయన రాసింది కలిపిన చూర్ణం మొత్తం గురిగింజ ఎత్తు. మీరిచ్చిన చెంచాలో సగం ముష్టే. అంటే గ్రాముకు పైమాటే, అదీ శుద్ధి కానిది. పది రెట్లకు మించిపోయింది. సరే, కాయితంలోని ఒక తప్పు మాత్రం పెద్దాయనది: గు పక్కన ఇంకో మూడక్షరాలు రాసి ఉండాల్సింది.

మా నాయన సంగతి ఒకటి చెప్పాలి. మైదుకూరు అవతల పల్లెలో ఆయన వైద్యుడు. నాకు పదమూడు పద్నాలుగేండ్లప్పుడు ముష్టి గింజల మూత్రం మార్చే పని నాకు అప్పజెప్పాడు. ఎండాకాలం, పశువుల కొట్టం వెనకాల మట్టి బాన. నాలుగో రోజుకు ఆ కంపు కడుపులో తిప్పేది. బ్రహ్మంగారి మఠంలో ఆరాధన వచ్చింది, దోస్తులందరూ పోతున్నారు. ఏడు రోజులైపోయాయి నాయనా అని నాలుగో రోజే చెప్పేశాను. ఆయన నమ్మినట్టే బానలో చెయ్యి పెట్టి ఒక గింజ తీసి బొటనవేలి గోరుతో అంచు మీద గీరాడు. తోలు ఊడి రాలేదు. ఇంకోటి తీశాడు, అదీ రాలేదు. చెంప మీద ఒక్కటి పడింది. గింజలన్నీ ఊరి బయట గుంత తీసి నాతోనే పూడ్పించి, కొత్త గింజలు పోసి ఒకటో రోజు నుంచి మొదలుపెట్టించాడు. ఆరాధనకు పోనేలేదు. ఆ దెబ్బ ఎందుకు పడిందో అప్పుడు అర్థం కాలేదు. తర్వాత ఉద్యోగంలో చేరాక, మీ మామలాంటి మనిషినొకరిని మంచం మీద చూసినప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి. ఉడికించిన పాలు ఏం చేసేవాడో తెలుసా? కుక్కగానీ దూడగానీ మూతి పెట్టకుండా తానే నిలబడి లోతు గుంతలో పోయించి, మట్టి కప్పి, పైన రాయి పెట్టించేవాడు. గింజలో నుంచి దిగింది ఆ పాలలోనే ఉంటుంది కదా. కాయితాల్లో మందు రాసుకున్నవాళ్ళు పాలు పారబోసే సంగతి ఎవరూ రాయలేదు.

మీ మామ ఒంట్లో జరిగింది చెబుతాను. మన వెన్నుపాములో కండరాలను బిగించే ఆజ్ఞలకు పక్కనే కళ్ళెం కూడా ఉంటుంది. స్ట్రిక్నిన్ ఆ కళ్ళేన్ని తెంచేస్తుంది. ఇక చిన్న చప్పుడు, వెలుతురు, ఎవరన్నా తాకడం, ఏది తగిలినా ఒళ్ళంతా ఒక్కసారిగా బిగుసుకుంటుంది. మెదడు మాత్రం మేలుకునే ఉంటుంది. ఫిట్స్‌లో మనిషికి స్పృహ ఉండదు, ఇందులో ఉంటుంది. నువ్వు ఏడ్చేది వినపడిందని మీ మామ అన్నది అందుకే. తాళాల గుత్తి, నీళ్ళు, వేపమండలు మేలు చేయకపోవడం అటుంచి, ఒక్కొక్కటీ ఇంకోసారి బిగుసుకుపోయేలా చేశాయి. పక్కింటోళ్ళను ఏమీ అనకండి, ఫిట్స్ అనుకుని చేశారు. అసలు ఫిట్స్‌కు కూడా తాళాలతో పని లేదనుకోండి.

దీనికి విరుగుడు మందు లేదు. గది చీకటి చేసి, చప్పుడు లేకుండా ఉంచి, కండరాలు వదులయ్యే ఇంజెక్షన్లిచ్చి, ఊపిరి ఆడకపోతే వెంటిలేటర్ మీద పెట్టి విషం దిగేదాకా కాపాడతారు. ధనుర్వాతం కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, అందుకే మేకు గుచ్చుకుందా అని అడిగారు. తిన్నదేదో తెలిస్తే వైద్యానికి దారి దొరుకుతుంది. ఇక పోలీసు భయం. విషం కేసు ఏదైనా ఆసుపత్రివాళ్ళు పోలీసులకు తెలపడం మామూలు పద్ధతే, వాళ్ళు వచ్చి రాసుకుని పోతారు. దానికి భయపడి మందు పేరు దాచితే పోయేది మనిషి. పొడి, గింజలు, కాయితం, డబ్బా, ఏది ఉంటే అది సంచిలో వేసుకుని పొండి. వాంతి చేయించడానికి ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, చింతపండు పులుసు, పేడనీళ్ళు పోయొద్దు. దౌడలు బిగిసిన మనిషి గొంతులో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108 వచ్చేలోపు ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రానికి 1800 116 117కు ఫోన్ చేయొచ్చు. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బులు పడవు.

మీ మామకు ఒక రక్త పరీక్ష రాస్తున్నాను. కండరాలు అంతగా బిగుసుకున్నప్పుడు వాటిలోని సరుకు రక్తంలో కలిసి మూత్రపిండాల మీద పడుతుంది. ఆసుపత్రిలో చూసే ఉంటారు. ఆ తర్వాత మళ్ళీ చేయించకపోయి ఉంటే ఒకసారి క్రియాటినిన్ చూపించండి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఆ రోజే పొండి. మోకాళ్ళకు ఎముకల డాక్టరు చెప్పిన వ్యాయామం, బరువు తగ్గడం, కర్ర పట్టుకోవడం. ఇవి ఎవరికీ నచ్చవని నాకు తెలుసు.

పొడి సంగతి. డాక్టర్లకు అక్కర్లేదని ఒకసారి అడిగి తెలుసుకుని, మిగిలిన గింజలతో సహా నాయన చేసినట్టే చేయండి. బావికి, కాలువకు దూరంగా మోకాలి లోతు గుంత. దిబ్బలో వేయొద్దు, కోళ్ళు కెలుకుతాయి. మీరు అడగనిది ఇంకొకటుంది, మిక్సీ జారు. అది కూడా పారేయండి. ఎంత తోమినా బ్లేడు కింద రబ్బరు వాషరు సందులో పొడి కూర్చుంటుంది. రేపు అదే జారులో పిల్లలకు కొబ్బరి చట్నీ వేస్తారు. జారు కొత్తది ఏడెనిమిది వందలవుతుందేమో, ఆడబిడ్డల చేత కొనిపించండి.

మీ తప్పేమిటని అడిగారు. తెలియని రెండు మాటలకు తెలిసిన అర్థాలు వేసుకోవడం. మీరే కాదు, పావు కిలో ముష్టి గింజలు ఎందుకని అడగకుండా తూచి ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో పది మంది చూస్తుండగా చేశారు, ఒక్కరూ ఇదేంది అనలేదు. ఫలించి ఉంటే కోడలు బంగారం అనేవాళ్ళు.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను, గుంతకల్లులో ఉంటాను. షుగరుకు రోజూ పొద్దున సొరకాయ రసం, కాకరకాయ రసం కలిపి తాగుతున్నాను. మొన్న తాగిన గంటకు వాంతులు, విరేచనాలు, కళ్ళు తిరిగాయి. సెలైన్ ఎక్కించారు. కాకరకాయ పడలేదేమోనని ఇకపై వట్టి సొరకాయే తాగుదామనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: సార్, మీరు దొంగను వదిలి సాక్షిని పట్టుకున్నారు. కాకరకాయ చేదు దాని పుట్టుక చేదు. సొరకాయ చేదుగా ఉండకూడదు. ఉంటే అందులో కుకుర్బిటాసిన్లనే విషం పెరిగిందని అర్థం. కాయను చూసి పోల్చలేరు, నిగనిగలాడుతూనే ఉంటుంది. దీని మీద భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ 2011లో చెప్పింది రెండు ముక్కలు: రసం తీసే ముందు చిన్న ముక్క కోసి రుచి చూడండి, చేదైతే పారేయండి. ఇంకే రసంతోనూ కలపొద్దు. ఎందుకు కలపొద్దో మీ గ్లాసే చెబుతోంది. కాకర చేదులో సొర చేదు కలిసిపోయింది, మీ నాలుక పట్టలేదు.

కూరలో చేదు సొరకాయ ముక్క తగిలితే మనమే ఉమ్మేస్తాం. మందనుకుంటే మాత్రం ముక్కు మూసుకుని గ్లాసు మొత్తం దించేస్తాం. చేదు ఎంత ఉంటే గుణం అంత అని మనకో నమ్మకం. చేదు రసం తాగి రక్తపు వాంతులతో, బీపీ పడిపోయి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళున్నారు. దీనికీ విరుగుడు లేదు. మీరు సెలైన్‌తో బయటపడటం అదృష్టం. సొరకాయ మీద అంత ఇష్టం ఉంటే పప్పులో వేయించుకోండి, ముందు రుచి చూసి. షుగరు బిళ్ళలు మానలేదు కదా? ఆ సంగతి రాయలేదు మీరు.

ప్రశ్న: ఆయుర్వేదం చదువుకుని, ఆయుర్వేదం పెన్షన్ తింటూ, ప్రతి నెలా ఆయుర్వేదం మీదే భయపెడుతున్నారు. ఇంగ్లీషు మందులతో ఎవరూ చావడం లేదా? ఒక పాఠకుడు, అనంతపురం.

జవాబు: చస్తున్నారు. ఆ కాలమ్ ఇంగ్లీషు డాక్టరుకు ఇప్పించండి, నేనూ చదువుతాను.

కోపం అర్థమైంది కాబట్టి కాస్త నిదానంగా రాస్తాను. నేను భయపెడుతున్నది ఆయుర్వేదం మీద కాదు, సగం ఆయుర్వేదం మీద. వత్సనాభిని, అంటే నాభి దుంపను, విషమని చెప్పి, దాన్ని లొంగదీసే పద్ధతి కూడా చెప్పింది శాస్త్రమే. ఉడికిస్తే అందులోని అకోనిటిన్ విరిగి తక్కువ విషంగా మారుతుందని ఇప్పటి రసాయన శాస్త్రమూ ఒప్పుకుంటుంది. ఆ ఉడికించే పనిని ఎగ్గొట్టి నాభి వాడినవాళ్ళకు ముందు పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి, చీమలు పాకినట్టుంటుంది, ఆ తర్వాత గుండె లయ తప్పుతుంది. నల్లజీడి గింజ శుద్ధి తప్పితే ఒళ్ళంతా బొబ్బలు. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో ఫోన్‌లో వీడియో చూసి, కరోనా రాదని ఉమ్మెత్త కాయల రసం తాగి పది మంది దాకా ఆసుపత్రి పాలయ్యారు. ఆ వీడియో చేసినవాడు శాస్త్రం చదివాడా, మీరే చెప్పండి.

మన చట్టం కూడా ఇదే అంటోంది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ ఈ(1) అని ఒకటుంది. ఆయుర్వేద, సిద్ధ, యునాని మందుల్లో వాడే విషపదార్థాల జాబితా అది. ముష్టి, నాభి, ఉమ్మెత్త, నల్లజీడి, గురిగింజ, గన్నేరు, జిల్లేడు, పాదరసం, హరిదళం అన్నీ ఉన్నాయి. ఇవి కలిసిన మందు సీసా మీద, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని హెచ్చరిక అచ్చు వేయాలి. ఏ భాషల్లో? ఇంగ్లీషులో, హిందీలో. మన జమ్మలమడుగు అవ్వ ఏ సీసా మీద ఏం చదువుతుంది? తిట్టాలనుంటే నన్ను కాదు, దాన్ని తిట్టండి. తెలుగులో కూడా వేయాలని అడిగితే మీతో పాటు నేనూ సంతకం పెడతాను.

ఇంకొకటి, మీకు రుచించదు. 2008లో అమెరికా పరిశోధకులు ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే, దాదాపు 21 శాతంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. అందులో అమెరికాలో తయారైనవీ ఉన్నాయి, మన దేశంలో తయారైనవీ ఉన్నాయి. మన ఇంట్లో బానకు చిల్లుందంటే చూపించినవాణ్ణి కొట్టడం వల్ల నీళ్ళు ఆగవు.

ప్రశ్న: మా మనవడికి మూడో నెల. కడుపు నొప్పికి, మాటలు బాగా రావడానికి వస కొమ్ము అరగదీసి నాకించమని ఇంట్లో అంటున్నారు. కాన్పు కోసం వచ్చిన మా అమ్మాయి వద్దంటోంది. ఆదోని.

జవాబు: మీ అమ్మాయి మాట వినండి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీటి చుక్క కూడా అక్కర్లేదు. పాత రోజుల్లో వసను ఆముదం దీపానికి కాల్చి, సాన మీద ఒక్క గీత గీసి నాలుకకు అంటించేవాళ్ళు. ఇప్పుడు కాల్చడం మరిచిపోయారు, గీత కాస్తా చెంచా అయింది. పచ్చి వస ఎక్కువైతే ఆగని వాంతులు పట్టుకుంటాయి, మూడు నెలల బిడ్డ తట్టుకోలేడు. అందులోని బీటా అసరోన్ మంచిది కాదని అమెరికాలో 1968లోనే ఆహార పదార్థాల్లో వసను నిషేధించారు. మాటలంటారా, మీరు రోజూ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాట్లాడండి, వస్తాయి.

ప్రశ్న: మా పొలం గట్టు మీద వానలకు అడవినాభి తీగ బాగా పూసింది. దుంప తవ్వి అమ్మితే ఎవరన్నా కొంటారా? నాభి అంటే ఖరీదంటున్నారు. కర్నూలు జిల్లా రైతు.

జవాబు: అన్నా, రెండూ వేరు. నాభి హిమాలయాల దుంప, మన పొలం గట్ల మీద పెరగదు. మీ గట్టు మీద మంటలాంటి పూలు పూసేది అడవినాభి. దాంట్లో విషం కాల్చిసిన్. తింటే కొన్ని గంటల్లో కలరా మాదిరి వాంతులు, విరేచనాలు. బతికితే వారం పది రోజులకు జుట్టు ఊడుతుంది. విత్తనాలకు కంపెనీల గిరాకీ ఉన్న మాట నిజమే, తమిళనాడులో సాగు చేస్తారు. మీ ఇంట్లో మాత్రం ఆ దుంపలను చిలగడదుంపల పక్కన ఎండబెట్టకండి.

ప్రశ్న: మీ నాన్నగారి పద్ధతిలో శుద్ధి చేసిన ముష్టి పొడి మీరు తయారు చేస్తారని విన్నాను. ఒక వంద గ్రాములు పోస్టులో పంపగలరా? ఎంత పంపాలో రాయండి. ప్రొద్దుటూరు.

జవాబు: మీరు విన్నది తప్పు. వంద గ్రాములంటే ఎనిమిది వందల మోతాదులు, ఎవరికి పెడతారు సామీ? నేను చేయను, అమ్మను. నాయన కల్వం ఒకటి ఇంట్లో ఉంది. దాంట్లో మా ఆవిడ ఈ నలభై ఏండ్లలో అల్లం ముక్క కూడా దంచలేదు.